గొంతులో గనేరియా: నొప్పి లేని రోగానికి ఉన్న చరిత్ర

లైంగిక సంపర్కంతో సంక్రమించే బాక్టీరియా వ్యాధుల చరిత్ర చాలావరకు నొప్పి పుట్టిన అవయవాల చరిత్రే. మూత్రంలో మంట, చీము, జననాంగాల మీద పుండు, గజ్జల్లో బిళ్ల కట్టడం వంటి లక్షణాలను వైద్య గ్రంథాలు శతాబ్దాల తరబడి వర్ణిస్తూ వచ్చాయి. అదే రోగాన్ని కలిగించే సూక్ష్మజీవి అంగిలి వెనుకా టాన్సిల్స్ మడతల్లోనూ ఏ బాధా తెలియనివ్వకుండా వారాల తరబడి నిలిచి ఉండగలదన్న సంగతి మాత్రం ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధం దాకా వైద్యుల లెక్కలోకి రాలేదు. తెలుగునాట సెగ అని పిలుచుకున్న గనేరియా విషయంలో ఈ ఉపేక్ష వల్ల జరిగిన నష్టం కొందరు రోగులను గుర్తించలేకపోవడంతో ఆగలేదు. ఒకదాని తరవాత ఒకటిగా వచ్చిన మందులు ఆ రోగం మీద పనిచేయకుండా పోవడంలో, ఎవరూ తెరిపించి చూడని గొంతుకు పెద్ద పాత్రే ఉందని గత నాలుగు దశాబ్దాల పరిశోధనలు సూచిస్తున్నాయి.

గొంతులో కనిపించే లైంగిక వ్యాధుల్లో వైద్యుల దృష్టికి ముందుగా వచ్చింది సవాయి, అంటే సిఫిలిస్. పదిహేనో శతాబ్దం చివర ఐరోపాలో చెలరేగిన ఈ రోగాన్ని పదహారో శతాబ్దపు ఆయుర్వేద గ్రంథమైన భావప్రకాశం ఫిరంగ రోగంగా వర్ణించింది. ట్రెపోనెమా అనే మెలికల బాక్టీరియా వల్ల వచ్చే ఈ జబ్బు రెండో దశలో నోటి లోపలా టాన్సిల్స్ మీదా బూడిదరంగు మచ్చలుగా బయటపడుతుంది. తొలి దశలో లేచే పుండు కూడా కొందరిలో పెదవి మీదో టాన్సిల్ మీదో వస్తుంది. కంటికి ఆనే రోగం గనుక అది వ్యాపించే దారిని పట్టుకోవడం వైద్యులకు సాధ్యమైంది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లోని లియోన్ ప్రాంతంలో జోసెఫ్ రోలే అనే వైద్యుడు గాజు కార్ఖానాల కార్మికుల నోళ్లలో సవాయి పుండ్లను గమనించి, అవి శృంగారం వల్ల కాక వృత్తి వల్ల వచ్చినవని నిరూపించాడు. కరిగిన గాజు ముద్దను ఊది సీసాగా మలిచే క్రమంలో జట్టులోని పనివాళ్లు ఒకే ఇనుప గొట్టాన్ని ఒకరి తరవాత ఒకరు నోట పెట్టుకునేవారు. జట్టులో ఒకరి నోట పుండు ఉంటే మిగతావారికీ అంటుకునేది. ఎవరి నోటిముక్క వారికి విడిగా ఇవ్వాలనీ, కార్మికుల నోళ్లను గడువు ప్రకారం పరీక్షించాలనీ వచ్చిన సూచనలు ఈ పరిశీలన ఫలితమే. 1911లో ఫిలడెల్ఫియా చర్మవైద్యుడు జే షామ్‌బర్గ్, యువతీయువకుల విందులో ఆడిన ముద్దులాటల వల్ల ఒకే యువకుడి నుంచి పలువురు యువతులకు సవాయి సోకిన ఉదంతాన్ని వైద్య పత్రికలో ప్రచురించాడు. ఇలా సవాయి విషయంలో నోరూ గొంతూ వైద్యుల పరిశీలనలోనే ఉన్నాయి. గనేరియా కథ అందుకు పూర్తిగా భిన్నంగా నడిచింది.

గనేరియా అనేది సవాయికి మరో రూపమా, లేక వేరే జబ్బా అన్న వివాదం పద్దెనిమిదో శతాబ్దంలో తీవ్రంగా సాగింది. లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ గనేరియా రోగి చీమును ఆరోగ్యవంతుడి శరీరంలోకి ఎక్కిస్తే సవాయి పుండు లేచిందని, అందువల్ల రెండింటికీ మూలం ఒకే విషమని 1786లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. చీము ఇచ్చిన రోగికి రెండు జబ్బులూ కలిసి ఉండి ఉండవచ్చన్న ఊహ అప్పట్లో బలం పుంజుకోలేదు. పారిస్‌లో ఫిలిప్ రికార్ వేల సంఖ్యలో చేసిన ప్రయోగాల ఆధారంగా ఇవి రెండు వేర్వేరు వ్యాధులని 1838లో తేల్చేదాకా హంటర్ మాటే చెల్లింది. ఆ తరవాత నాలుగు దశాబ్దాలకు, 1879లో, అప్పటి జర్మనీలోని బ్రెస్లౌ నగరంలో 24 ఏళ్ల ఆల్బర్ట్ నైసర్ గనేరియా రోగుల చీములోనూ అప్పుడే పుట్టిన శిశువుల కళ్ల నుంచి కారే చీములోనూ జంటలు జంటలుగా ఉండే గుండ్రని బాక్టీరియాను కనుగొన్నాడు. గోనోకాకస్ అనే పేరు పొందిన ఆ సూక్ష్మజీవి కుటుంబానికి ఆయన పేరు మీదుగానే నైసీరియా అన్న నామం స్థిరపడింది.

నైసర్ చూసినది చీము. చీము కణాల లోపల, మూత్రపిండం ఆకారంలో ఒకదానికొకటి ఎదురుగా ఒదిగి ఉండే జంట బాక్టీరియాను చూస్తే పురుషుల మూత్రనాళపు గనేరియాను నిర్ధారించడానికి అది చాలు. డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రవేశపెట్టిన రంగుల పద్ధతి దీన్ని మరింత సులువు చేసింది. ఆ రంగుల్లో గోనోకాకస్ ఎర్రగా కనబడుతుంది. గాజు పలక, రెండు మూడు రంగులు, సూక్ష్మదర్శిని ఉంటే చాలు గనుక చిన్న ఆసుపత్రుల్లో సైతం ఈ పరీక్ష ఇప్పటికీ నిలిచి ఉంది. గొంతు దగ్గరికి వచ్చేసరికి ఇదే పరీక్ష చేతులెత్తేస్తుంది. ఆరోగ్యవంతుల నోటిలోనూ గొంతులోనూ నైసీరియా కుటుంబానికే చెందిన నిరపాయకరమైన జాతులు సహజంగా కాపురముంటాయి. మెదడు పొరల వాపుకు కారణమయ్యే మెనింగోకాకస్ కూడా ఎందరికో గొంతులో జబ్బు చేయకుండానే ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద వీటన్నిటి రూపం, రంగు దాదాపు ఒకటే. గొంతు నుంచి తీసిన నమూనాలో ఎర్రని జంటలు కనబడితే అవి బంధువులో శత్రువులో చెప్పడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా సాధ్యం కాదు. అందువల్ల గొంతును పరీక్షించడం వృథా అన్న అభిప్రాయం పాతుకుపోయింది.

చికిత్స కూడా ఆ అభిప్రాయాన్నే బలపరిచింది. 1890ల నుంచి యాంటీబయాటిక్‌లు వచ్చేదాకా గనేరియా చికిత్స అంటే పొటాషియం పర్మాంగనేట్ ద్రావణంతో మూత్రనాళాన్ని రోజుల తరబడి కడగడం, 1897లో వచ్చిన ప్రొటార్గాల్ వంటి వెండి మందులను లోపలికి ఎక్కించడం. నవజాత శిశువుల కళ్లలో వెండి నైట్రేట్ చుక్క వేసి, వారిని అంధత్వం నుంచి కాపాడవచ్చని లైప్‌జిగ్ ప్రసూతి వైద్యుడు కార్ల్ క్రెడే 1880ల ఆరంభంలోనే చూపించాడు. బాధ ఉన్న చోట మందు పోసే ఈ పద్ధతిలో, బాధే లేని గొంతుకు మందు పోయవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. నైసర్ తన సూక్ష్మజీవిని ప్రకటించిన 1879వ సంవత్సరంలోనే అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో లిస్టరీన్ అనే క్రిమిసంహారక ద్రవం పుట్టింది. నేడు నోరు పుక్కిలించే మందుగా అందరికీ తెలిసిన ఆ ద్రవం గనేరియాను కూడా నయం చేస్తుందని అప్పట్లో దాని తయారీదారులు చెప్పుకున్నారు. ఆ మాట 137 ఏళ్ల తరవాత మళ్లీ పరిశోధకుల ముందుకు వచ్చింది.

1930ల చివర వచ్చిన సల్ఫా మందులు కొద్ది ఏళ్లలోనే బలహీనపడ్డాయి. 1944 నాటికి చాలా రకాల గోనోకాకస్ వాటికి లొంగడం మానేసింది. సరిగ్గా అప్పుడే పెనిసిలిన్ అందుబాటులోకి వచ్చి యుద్ధకాలపు సైనిక ఆసుపత్రుల్లో రోగాన్ని ఒక్కరోజులో అణచివేసింది. తొలి రోజుల్లో లక్ష నుంచి రెండు లక్షల యూనిట్లతో నయమైన రోగానికి 1970ల నాటికి 48 లక్షల యూనిట్లు ఇవ్వవలసి వచ్చింది. ఆ మందు మూత్రంతో త్వరగా పోకుండా ఆపేందుకు ప్రొబెనెసిడ్ అనే మరో మాత్ర కూడా తోడైంది. సూక్ష్మజీవి మెల్లమెల్లగా మందుకు అలవాటు పడుతోందని వైద్యులు గ్రహించారు గానీ, ఆ అలవాటు ఎక్కడ పడుతోందన్న ప్రశ్నకు సమాధానం దొరకాలంటే ముందు గొంతును చూడగల సాధనం కావాలి.

ఆ సాధనం అమెరికా ప్రజారోగ్య ప్రయోగశాల నుంచి వచ్చింది. 1964లో జేమ్స్ థేయర్, జాన్ మార్టిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గోనోకాకస్‌ను పెరగనిస్తూ, గొంతులోని ఇతర జీవులను అణచిపెట్టే పోషక మాధ్యమాన్ని తయారుచేశారు. రక్తాన్ని ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేడిచేసి చేసే చాక్లెట్ అగార్‌కు తొలుత రిస్టోసెటిన్, పాలిమిక్సిన్ అనే మందులను, రెండేళ్ల తరవాత వాటి స్థానంలో వాంకోమైసిన్, కొలిస్టిన్, నిస్టాటిన్ అనే మందులను కలిపారు. గోనోకాకస్‌కు కొంత కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. అందుకని ప్రయోగశాలల్లో సాధారణంగా గాజు జాడీలో పళ్లేలను పేర్చి, పైన కొవ్వొత్తి వెలిగించి, మూత బిగించి, కొవ్వొత్తి దానంతటదే ఆరిపోయాక జాడీని వేడిపెట్టెలో ఉంచేవారు. ఒకటి రెండు రోజుల్లో మొలిచిన బూడిదరంగు గుంపులను చక్కెర పరీక్షలతో విడదీస్తే గోనోకాకస్ తన బంధువుల నుంచి వేరుపడేది: గోనోకాకస్ గ్లూకోజ్‌ను మాత్రమే పులియబెడుతుంది, మెనింగోకాకస్ మాల్టోజ్‌ను కూడా పులియబెడుతుంది.

ఈ మాధ్యమం చేతికి వచ్చాక గొంతు తలుపు తెరుచుకుంది. 1973లో డెన్మార్క్ వైద్యులు 110 మంది గొంతు గనేరియా రోగుల వివరాలతో నివేదిక ప్రచురించగా, అదే ఏడాది సియాటిల్ నుంచి పాల్ వీస్నర్, కింగ్ హోమ్స్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మరో అధ్యయనం ప్రకటించింది. ముఖరతి వల్ల గోనోకాకస్ గొంతుకు చేరుతుందని, సోకినవారిలో అత్యధికులకు గొంతునొప్పి గానీ జ్వరం గానీ టాన్సిల్స్ వాపు గానీ ఉండవని ఈ పరిశోధనలు నిర్ధారించాయి. గొంతునొప్పితో వచ్చిన కొద్దిమందిలోనూ ఆ నొప్పిని సాధారణ గొంతు జబ్బు నుంచి వేరుచేసి చెప్పగల ప్రత్యేక గుర్తు ఏదీ లేదు. రోగికి ఫిర్యాదు లేదు. వైద్యుడికి అనుమానం లేదు. నైసర్ కాలం నుంచి తొంభై ఏళ్లకు పైగా ఈ రోగం కనబడకుండా ఉండటానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

అయితే మరో కారణం కూడా ఉంది. గొంతు పరీక్షకు ముందు వైద్యుడు వేయవలసిన ప్రశ్న సభ్యతకు విరుద్ధమన్న భావన ఎన్నో సమాజాల్లో ఉండేది. కొన్ని దేశాల్లో దానికి నిజాయితీగా జవాబివ్వడం నేరాన్ని ఒప్పుకోవడంతో సమానం. అమెరికాలో ముఖరతిని నేరంగా చూసే చట్టాలను రద్దు చేసిన మొదటి రాష్ట్రం ఇలినాయ్, అదీ 1961లో. బ్రిటిష్ పాలకులు 1860లో రూపొందించిన భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ‘ప్రకృతి విరుద్ధ’మైన సంపర్కాన్ని శిక్షార్హం చేసింది. ముఖరతి కూడా దాని పరిధిలోకే వస్తుందని న్యాయస్థానాలు వ్యాఖ్యానించాయి. పరస్పర అంగీకారంతో వయోజనులు జరిపే సంపర్కానికి ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పేదాకా భారతీయ రోగి తన గొంతు గురించి వైద్యుడికి చెప్పడంలో చట్టపరమైన భయం ఉండనే ఉంది. రోగి మౌనాన్ని సిగ్గుకు మాత్రమే ఆపాదించడం చరిత్రకు న్యాయం చేయదు.

గొంతులో గోనోకాకస్ కేవలం తలదాచుకోవడం లేదని, అక్కడ మారిపోతోందని 1980ల చివర తెలిసింది. నైసీరియా జాతులకు చుట్టూ ఉన్న చనిపోయిన సాటి బాక్టీరియా డీఎన్ఏ ముక్కలను పీల్చుకుని తమ జన్యువుల్లో కలుపుకునే సహజ శక్తి ఉంది. బ్రిటన్ శాస్త్రవేత్త బ్రయన్ స్ప్రాట్ 1988లో, పెనిసిలిన్‌కు లొంగని గోనోకాకస్‌లో పెనిసిలిన్ పట్టుకోవలసిన ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును విశ్లేషించి, అందులో కొన్ని భాగాలు మాత్రమే గోనోకాకస్‌వని, మిగతావి వేరే జాతుల నుంచి వచ్చి అతుక్కున్నవని చూపించాడు. పాత చీరల ముక్కలు కలిపి కుట్టిన బొంత లాంటి ఈ జన్యువుకు పరిశోధకులు మొజాయిక్ జన్యువు అని పేరు పెట్టారు. ఆ ముక్కలకు మూలమైన నైసీరియా జాతుల అసలు నివాసం మనిషి గొంతు. గోనోకాకస్ వాటితో పక్కపక్కన మసలే చోటు కూడా ప్రధానంగా అదే. జలుబుకో పంటినొప్పికో మింగిన యాంటీబయాటిక్ ప్రతిసారీ ఆ నిరపాయకర జాతుల మీదా పడుతుంది. వాటిలో మందును తట్టుకున్నవే మిగులుతాయి. గోనోకాకస్ ఆ గొంతుకు చేరినప్పుడు అరువు తెచ్చుకోవడానికి సరుకు సిద్ధంగా ఉంటుంది. దీనికితోడు మూత్రనాళాన్ని శుభ్రపరచగల మోతాదు టాన్సిల్స్ కణజాలంలో చాలినంతగా చేరదు. పెనిసిలిన్‌కు బదులు వాడిన స్పెక్టినోమైసిన్ జననాంగాల్లోని రోగాన్ని దాదాపు పూర్తిగా నయం చేసినా, గొంతులో సగం మందిలో మాత్రమే పనిచేసింది.

1976లో పెనిసిలిన్‌ను విరిచేసే ఎంజైమును తయారుచేసుకున్న గోనోకాకస్ ఒకేసారి తూర్పు ఆసియా నుంచీ పశ్చిమ ఆఫ్రికా నుంచీ అమెరికా, బ్రిటన్‌లకు చేరింది. పెనిసిలిన్ పడనివారికి ఇస్తూ వచ్చిన టెట్రాసైక్లిన్ మందులదీ అదే దారి. ఈ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ప్రయోగశాలల నుంచి వెలువడింది. దాన్ని కనుగొన్నది బెంజమిన్ దుగ్గర్ కాగా, అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించినది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గనేరియా మీద ఆ మందుల బలం 1980ల మధ్యకల్లా చాలాచోట్ల క్షీణించింది. ఆ తరవాత ఆధారపడిన సిప్రోఫ్లాక్సాసిన్ వర్గపు మందులను గనేరియాకు వాడవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2007లో ప్రకటించాయి. చివరికి మిగిలింది సెఫలోస్పోరిన్ వర్గం: మింగే సెఫిక్సిమ్, సూదిమందుగా ఇచ్చే సెఫ్‌ట్రయాక్సోన్.

ఈ చివరి వర్గం మీద మొదటి పెద్ద దెబ్బ గొంతు నుంచే తగిలింది. 2009లో జపాన్‌లోని క్యోటో నగరంలో లైంగిక వృత్తిలో ఉన్న ఒక మహిళ గొంతు నుంచి తీసిన స్వాబ్‌లో పెరిగిన గోనోకాకస్‌కు హెచ్041 అని సంకేతం ఇచ్చారు. సెఫ్‌ట్రయాక్సోన్‌కు లొంగే బాక్టీరియాకు ఐరోపా ప్రమాణాలు గీసిన హద్దు లీటరుకు 0.125 మిల్లీగ్రాములు, హెచ్041 పెరుగుదలను ఆపడానికి 2 నుంచి 4 మిల్లీగ్రాములు కావలసి వచ్చింది. 2011లో ఈ వివరాలు వెల్లడయ్యాక వైద్యలోకం తొలిసారిగా మందే లేని గనేరియా గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. దాని నిరోధకతకు మూలం కూడా గొంతు జాతుల ముక్కలతో నిండిన మొజాయిక్ జన్యువే. 2018లో ఆగ్నేయాసియాలో సోకిన రోగంతో బ్రిటన్‌లో చికిత్స పొందిన ఒకరికి సెఫ్‌ట్రయాక్సోన్, ఆపైన స్పెక్టినోమైసిన్ ఇచ్చారు. మూత్రనాళం శుభ్రపడినా గొంతులో బాక్టీరియా మిగిలింది. మూడు రోజులు నరం ద్వారా ఎర్టాపెనెమ్ ఎక్కించాక గానీ అది తొలగలేదు.

ఈ సంఘటనల వల్ల చికిత్సా ప్రమాణాల్లో గొంతుకు ప్రాధాన్యం పెరిగింది. అమెరికా 2012లో సెఫిక్సిమ్‌ను మొదటి వరస మందుల నుంచి తొలగించింది. 2020 డిసెంబరులో సెఫ్‌ట్రయాక్సోన్ మోతాదును 250 మిల్లీగ్రాముల నుంచి 500కు పెంచింది. బ్రిటన్ ఒక గ్రాముకు పెంచింది. శరీరంలో ఇతర చోట్ల సోకినవారికి చికిత్స తరవాత నయమైందో లేదో చూసే పరీక్ష అవసరం లేదన్న అమెరికా మార్గదర్శకాలు, గొంతులో సోకినవారికి మాత్రం 7 నుంచి 14 రోజుల మధ్య మళ్లీ పరీక్ష చేయాలన్నాయి. బాక్టీరియా జన్యుపదార్థాన్ని కోట్ల రెట్లు పెంచి పసిగట్టే పరీక్షలను గొంతు నమూనాలకు వాడేందుకు అక్కడి ప్రభుత్వ అనుమతి 2019లో లభించింది. మందులు కాని మార్గాల వెతుకులాటలో మెల్‌బోర్న్ పరిశోధకులు 2016లో లిస్టరీన్‌ను తిరిగి పరీక్షకు పెట్టారు. ప్రయోగశాలలోనూ కొద్దిమంది రోగుల మీద చేసిన తొలి పరీక్షలోనూ అది ఆశ రేపింది. అయితే పెద్ద సంఖ్యలో మనుషుల మీద జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో పుక్కిలింత గొంతు గనేరియాను నివారించలేదని తేలింది.

తెలుగు రాష్ట్రాల్లోని సురక్ష క్లినిక్‌లతో సహా భారత ప్రభుత్వ వైద్య వ్యవస్థ లైంగిక వ్యాధులకు లక్షణాధారిత చికిత్సను అనుసరిస్తుంది. ప్రయోగశాల లేని చోట సైతం ఫిర్యాదును బట్టి వెంటనే మందిచ్చే ఈ పద్ధతిలో, చీము కారుతోందని వచ్చినవారికి బూడిదరంగు కిట్ అందుతుంది. అందులో అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు ఉంటాయి. ఫలితాల కోసం రోగిని తిప్పకుండా మొదటి రోజే చికిత్స అందించడం దీని బలం. ఫిర్యాదు లేనిదే మొదలు కాకపోవడం దీని హద్దు. గొంతు గనేరియా రోగికి చెప్పుకోవడానికి ఫిర్యాదు ఉండదు గనుక అతడు ఈ వ్యవస్థ గుమ్మం తొక్కడు; వేరే లక్షణంతో వచ్చి కిట్ తీసుకున్నా, గొంతును శుభ్రపరచడంలో బలహీనమైన సెఫిక్సిమ్‌తోనే ఇంటికి వెళ్తాడు. మరోవైపు గొంతు గరగర అనగానే మందుల షాపులో చీటీ లేకుండా అజిత్రోమైసిన్ కొని మింగే అలవాటు పల్లె నుంచి పట్నం దాకా ఉంది. ఆ అలవాటు గొంతులోని నిరపాయకర నైసీరియాలకు నేర్పుతున్న పాఠం రేపటి గోనోకాకస్‌కు పనికొస్తుంది. ప్రపంచవ్యాప్తంగా 2020లో 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో 8 కోట్ల 20 లక్షల మందికి కొత్తగా గనేరియా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంత పెద్ద రోగానికి ఎంత మోతాదు ఇవ్వాలో, ఏ మందు నిలుస్తుందో తేల్చడంలో ఇప్పుడు గొంతు మాటకు బరువుంది. కాబట్టి లక్షణాన్ని బట్టి నడిచే చికిత్సకు తోడుగా, ప్రమాదం ఎక్కువ ఉన్నవారిని మందలించకుండా అడిగి గొంతు నమూనా తీసే పరీక్షా, దాన్ని కల్చర్ చేసి మందుల పట్ల స్పందన చూడగల ప్రయోగశాలలూ సమకూరనంతకాలం, నైసర్ తరవాత తొంభై ఏళ్లు సాగిన ఉపేక్ష ఈ గడ్డ మీద ఇంకా కొనసాగుతూనే ఉంటుంది.